సెన్సర్ మార్చమన్నారు, స్కానర్ వేరే మాట చెప్పింది

నమస్తే అండీ, ఈ రోజు చూపించేది కారులో లోపాల కోడ్‌లు చదివే ఈ చేతి స్కానర్. డాష్‌బోర్డ్ మీద జారిపోతున్న కారు బొమ్మ ఉంటుంది కదా, ఆ ఇఎస్‌పీ లైట్, అంటే కారు జారకుండా చూసే వ్యవస్థ లైట్, నా కారులో వీల్ అలైన్‌మెంట్ చేయించిన మర్నాటి నుంచి ఆరడం లేదు. గ్యారేజీలో చూపిస్తే స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ పోయింది, 18,000 అవుతుందన్నారు. ఏ స్కానరూ పెట్టకుండానే!

ఇంట్లో ఉన్న చవక బ్లూటూత్ డాంగిల్, అదే కారుకి గుచ్చి ఫోన్‌లో కోడ్‌లు చూసుకునేది, పెడితే కోడ్‌లేమీ లేవంది. లైట్ వెలుగుతుంటే కోడ్ లేకపోవడమేంటి? అసలు సంగతేంటంటే, మామూలు యాప్‌తో ఆ డాంగిళ్లు చదివేది ఎక్కువగా పీ అక్షరంతో మొదలయ్యే ఇంజిన్ కోడ్‌లే, మనకు కావలసిందేమో బ్రేకుల్ని చూసుకునే ఏబీఎస్ మాడ్యూల్లో కూర్చుని ఉంటుంది. అందుకే మా తమ్ముడి దగ్గర ఇది అడిగి తెచ్చాను. పెట్టగానే సీ0051 చూపించింది, అంటే స్టీరింగ్ పొజిషన్ సెన్సర్, గ్యారేజీ వాళ్లన్న ఆ యాంగిల్ సెన్సరే. అదే యూ0126 వచ్చి ఉంటే సెన్సర్‌తో మాటే కలవడం లేదని అర్థం, అప్పుడు ముందు ఫ్యూజు, వైరింగ్, కనెక్టర్ చూసుకోవాలి.

కోడ్ వచ్చింది కదా అని సెన్సర్ కొనేయకండి. లైవ్ డేటా, అంటే సెన్సర్ అప్పటికప్పుడు చెప్పే అంకెలు, తెరవండి. చక్రాలు తిన్నగా పెట్టాను, చూడండి, సున్నా ఉండాల్సిన చోట మైనస్ 9 డిగ్రీలు. ఇప్పుడు స్టీరింగ్ నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతున్నా, అంకె ఎక్కడా ఎగరడం లేదు, ఆగడం లేదు, చక్కగా నడుస్తోంది. సెన్సర్ బాగానే ఉందండీ, దాని సున్నా తప్పిందంతే! అలైన్‌మెంట్ తర్వాత సున్నా మళ్లీ నేర్పించాలి, అది వాళ్లు చేయలేదు.

బ్యాటరీ కొలిస్తే 12.5 వోల్టులు, పర్వాలేదు. చదునైన చోట కారు ఆపి, కాలిబ్రేషన్, అంటే ఆ సున్నా మళ్లీ నేర్పించే ఆప్షన్, నొక్కాను, నిమిషం కూడా పట్టలేదు. ఓ రౌండ్ వేసి వచ్చా, లైట్ పోయింది.

స్కానర్‌లో నచ్చనిది, ఆన్ అవ్వడానికి ఒక యుగం పడుతుంది, పైగా మా నాన్నగారి పాత కారుకి కోడ్ చదువుతుంది గానీ కాలిబ్రేషన్ మెనూనే లేదు, కాబట్టి కొనేముందు మీ మోడల్‌కి ఆ ఆప్షన్ ఉందో లేదో అడగండి. ఇంకోటి, స్టీరింగ్ విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి, అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.

ఇంట్లో ఒక్క కారే ఉంటే దీన్ని కొనడం దండగ, తెలిసినవాళ్ల దగ్గర అడగండి. నాకైతే ఉంచేసుకోవాలనుంది, మా తమ్ముడు మాత్రం రేపే తిరిగి ఇవ్వమంటున్నాడు.