కిన్నెర మెట్ల మీద నుంచి బుల్లెట్టు బండి దాకా

శ్రోతలకు నమస్కారం. "ఏదైనా మంచి పాట చెప్పు" అని ఎవరైనా అడిగితే నేను పాట పేరు కాకుండా వాయిద్యం పేరు చెబుతాను. కిన్నెర. ముందు నవ్వుతారు. వినిపించాక నా ఫోన్ నాకు తిరిగి రావడానికి అరగంట పడుతుంది.

కిన్నెర వాయిస్తూ పాడే దర్శనం మొగిలయ్య గారు మీకు తెలిసే ఉంటారు. 2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో వినిపించే గొంతు ఆయనదే. 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ ఆ సినిమా ముక్క దగ్గరే ఆగిపోకండి. ఆయన అసలు పాట ఒక కథ. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టాడని పాలమూరు జనం చెప్పుకునే పండుగ సాయన్న కథ ఆయన నోట తాపీగా సాగుతుంది. వీడియో దొరికితే చూపు ఆయన వేళ్ల మీద పెట్టండి. వెదురు కర్ర, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, స్వరం మార్చడానికి కర్ర మీద పన్నెండు మెట్లు. గొంతు ఆగిన చోట కిన్నెర అందుకుంటుంది, కథకి పక్కనుంచి ఎవరో ఊఁ కొడుతున్నట్టు. రికార్డింగ్‌లో వెనక కోడి కూసినా, బండి హారన్ మోగినా పట్టించుకోకండి. నాకైతే స్టూడియోలో కడిగి ఆరేసిన పాట కన్నా అదే ఇష్టం.

జానపదానికి సినిమా కావలసినంత చోటిస్తే ఎలా ఉంటుందో 2023లో 'బలగం' చూపించింది. చివర్లో ఊరూరా తిరిగి కథలు పాడే బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడుతుంటే కథ అంతా వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతుంది. ఈయన వేరే మొగిలయ్య, వరంగల్ వైపు మనిషి, 2024లో కన్నుమూశారు.

ఇక బ్యాండ్ వాళ్ల పాట ఒకటి. చౌరస్తా వాళ్ల 'ఊరెళ్ళిపోతా మామ'. పాడింది రామ్ మిరియాల. ఆయన గొంతు చాలామందికి 'జాతిరత్నాలు' చిట్టి పాటతో పరిచయం. నన్ను మాత్రం ఇది ముందే పట్టేసింది. పండగ ముందు రోజు టికెట్ దొరక్క బస్టాండ్‌లో బ్యాగు మీద కూర్చుని విన్నాను. ఎర్రబస్సెక్కి ఊరికి పోతానంటాడు పాటలో మనిషి. నా ముందు మూడు ఎర్రబస్సులు వెళ్లాయి, ఫుట్‌బోర్డు మీద కూడా కాలు పెట్టే చోటు లేదు.

మరీ దిగులుగా ఉందంటే 'బుల్లెట్టు బండి' పెట్టుకోండి. 'బాహుబలి'లో 'మనోహరి' పాట పాడిన మోహన భోగరాజు పాటే అది, సినిమాతో పని లేకుండా 2021లో వచ్చింది. వీడియోలోనూ ఆవిడే పెళ్లికూతురు. ఆ ఏడాదే మంచిర్యాల వైపు ఒక నిజం పెళ్లికూతురు బరాత్‌లో దీనికి డాన్స్ చేస్తే ఊరూరా ఫోన్లలో తిరిగింది. మా చిన్నాన్న కూతురి పెళ్లిలో దీన్ని నాలుగుసార్లు వేశారు. మూడోసారికి నాకు విసుగొచ్చిన మాట నిజం. నాలుగోసారికి మా మేనత్త కొంగు బిగించి దిగింది, మోకాళ్ల సంగతి రేపు చూసుకుందాం పదరా అంటూ.