యాక్సిడెంట్ కేసుకి లాయర్‌ని పెట్టుకునే ముందు (ఆటో యూనియన్ మీటింగ్‌లో మాట్లాడింది)

అందరికీ నమస్కారమండీ. హెల్మెట్, స్పీడు, తాగి నడపొద్దు, ఇవన్నీ ఎస్సైగారు ఇందాకే చెప్పేశారు కాబట్టి యాక్సిడెంట్ అయ్యాక నష్టపరిహారం కేసుకి లాయర్ని ఎలా చూసుకోవాలో నేను చెప్తా. నేను లాయర్ని కాదు, లాయరుగారి దగ్గర గుమాస్తాని, యాక్సిడెంట్ కేసుల ఫైళ్లు మోసీ మోసీ జుట్టు నెరిసింది.

మన జగ్గయ్యపేట, నందిగామ హైవే మీద ఎవరికన్నా దెబ్బ తగిలిందంటే, మనిషిని స్ట్రెచర్ మీంచి దించేలోపే కార్డు పట్టుకుని ఒకడు దిగుతాడు. పాతిక లక్షలు ఇప్పిస్తాం అమ్మా, ఇప్పుడు పైసా వద్దు, వచ్చాక మాకింత అంటాడు. వాడికి కబురు ఎవరిచ్చారంటారా, అక్కడే తిరిగేవాడు ఎవడో, కమిషన్ ఉంటది. అసలు లాయరు కేసుల కోసం మనుషుల్ని పంపకూడదు, వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోకూడదు, రెండూ లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం తప్పే. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడ మూడో వంతు లాయరే తీసుకుంటాడంటారు, నిజమే, అక్కడ అది మామూలు. ఇక్కడ కుదరదు. జరగట్లేదా అంటే జరుగుతుంది, మీకూ తెలుసు నాకూ తెలుసు, కానీ మొదటిరోజే రూలు తప్పినోడు రేపు మీ డబ్బు లెక్క సరిగ్గా చెప్తాడని నేనైతే నమ్మను.

మరి మంచి లాయర్ని ఎలా కనిపెట్టాలి? ఎంత వస్తుందో చెప్పేవాడు కాదు, మిమ్మల్ని ప్రశ్నలతో చంపేవాడు మంచోడు. ఎఫ్ఐఆర్ ఏదమ్మా, వూండ్ సర్టిఫికెట్, అదే దెబ్బలేంటో ఆసుపత్రివాళ్లు రాసిచ్చే కాగితం, తీసుకున్నారా, మెడికల్ బిల్లులు ఒరిజినల్ ఉన్నాయా, గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉందా, నెలకి ఎంత సంపాదిస్తాడు, దానికి కాగితం ఏముంది.

ఎందుకింత గోల అంటే లెక్క చూడండి. 34 ఏళ్ల టైల్స్ మేస్త్రీ అనుకోండి, నెలకి 18,000. సంవత్సరానికి 2,16,000. సొంతంగా పనిచేసుకునేవాడు, 40 లోపు వయసు కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు, 3,02,400. ఆ వయసుకి 16తో గుణిస్తారు, ఇది 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఖాయం చేసిన పట్టీ. 48 లక్షల పైచిలుకు, ఇది పూర్తిగా పని పోతే లెక్క, వైకల్యం ఎంత శాతమైతే ఇందులో అంత శాతం కడతారు. ఇప్పుడు కాలికి రాడ్ వేశారు, డాక్టరు కాలికి 40 శాతం వైకల్యం అని రాశాడు. జడ్జిగారు మొత్తం ఒంటికి లెక్కేసి 20 శాతమే తీసుకుంటే 9,67,680. కూర్చుని టైల్స్ వేయలేడు కాబట్టి ఈ పనికి 40 శాతం నష్టమే అని నిరూపిస్తే 19,35,360. సగానికి సగం తేడా! ఆ డాక్టర్ని కోర్టుకి రప్పించి, ఈ మనిషి గొంతుక్కూర్చోలేడు అని చెప్పించేవాడే లాయరు. అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు ఎంత అని కాదు, డాక్టర్ని సాక్షిగా పిలుస్తారా సార్ అని. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. జీతం కాగితం లేకపోతే 18,000 అని నోటితో చెప్తే ఒప్పుకోరు, తక్కువే కడతారు, ఆ మాట కూడా ముందే మొహం మీద చెప్పేవాడు దొరికితే అదృష్టం.

ఇంకో రకం ఉంది, గుద్దిన బండి దొరక్కపోతే ఏముంది, ఇన్సూరెన్స్ ఉన్న బండి ఇంకోటి పెట్టిద్దాం అంటాడు. ఆ మాట వినపడగానే పారిపోండి. అది మోసం కేసు, దొరికితే సంతకం పెట్టింది మీరు. బండి తెలియకపోతే హిట్ అండ్ రన్ స్కీము ఉంది, చనిపోతే 2 లక్షలు, పెద్ద దెబ్బైతే 50 వేలు, రెవెన్యూ ఆఫీసు ద్వారా అప్లికేషన్. తక్కువే, కానీ అది నిఖార్సైన డబ్బు.

వకాల్తా, అంటే మీ తరఫున కేసు నడపమని లాయరుకిచ్చే కాగితం, దాని మీద సంతకం పెట్టండి, తెల్ల కాగితం మీద వద్దు, ఖాళీ చెక్కు అసలే వద్దు. ఫీజు ఎంత, ఖర్చులు ఎవరివి అన్నది రాయించుకోండి. పాసుబుక్కు, ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉండాలి. కేసు వేశాక ఎంవీఓపీ నంబరు, అదే యాక్సిడెంట్ కేసుకి కోర్టు ఇచ్చే నంబరు, అడగండి, కోర్టులవాళ్ల ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా ఎప్పుడో మీ అబ్బాయే చూసి చెప్తాడు, నంబరు ఇవ్వకుండా నడుస్తుందమ్మా అంటుంటే కేసే వేయలేదని అనుమానించాలి. ఆరు నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఉంది, దశదిన కర్మలు అయ్యాక చూద్దాం అనుకుని కూర్చోకండి.

లోక్ అదాలత్‌లో రాజీ చెడ్డదేం కాదు, ఏళ్ల తరబడి తిరగడం తప్పుతుంది. కాకపోతే ఒప్పుకున్నాక అప్పీలు లేదు, కాబట్టి ఇందాకటి లెక్క కాగితం మీద వేయించుకుని అప్పుడు తల ఊపండి.

లాయరు నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టి ఉంచే హక్కు ఆయనకి లేదు, 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బుల్లేవంటే ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఎక్కడో అడగండి, ఏ అటెండరైనా చూపిస్తాడు.