చలివేంద్రం మజ్జిగ, క్రోమ్ ప్లగిన్

నమస్తే అండి. ఇవాళ్టి వీడియో కొంచెం చిరాకుతో చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

మొన్న రుషికొండ ఐటీ హిల్‌లో పనిచేసే తమ్ముడొకడు లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఎలక్ట్రాన్‌లో, అంటే వెబ్‌పేజీలు చేసే పద్ధతిలోనే కంప్యూటర్ యాప్‌లు చేసుకునే సాధనంలో, చేసిన వీడియో యాప్. మెనూలు, బొమ్మలు అన్నీ బాగున్నాయి, ప్లే నొక్కితే మాత్రం నల్ల తెర. ఫోల్డర్ తెరిచి చూద్దును కదా, తన క్రోమ్‌లో ఉన్న వైడ్‌వైన్ (ఎవరూ కాపీ కొట్టకుండా తాళం వేసిన వీడియోల్ని తెరిచే ప్లగిన్) ఫోల్డర్‌ని ఎత్తి యాప్‌లో పెట్టేశాడు! అదేమంటే, "ఏటన్నా, క్రోమ్ ఫ్రీయే కదా?"

ఈ "ఫ్రీయే కదా" విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఎండాకాలం జగదాంబ జంక్షన్ దగ్గర చలివేంద్రంలో మజ్జిగ పోస్తున్నారనుకోండి. తాగండి, మీ పిల్లాడికి తాగించండి, రెండో గ్లాసు అడిగినా ఎవరూ ఏమీ అనరు. అదే మజ్జిగని క్యాన్లకెత్తి మీ మెస్‌లో భోజనంతో పాటు వడ్డిస్తే, మజ్జిగకి విడిగా పైసా తీసుకోకపోయినా, చలివేంద్రం పెట్టినాయన ఊరుకుంటాడా? తాగడానికి ఇచ్చాడు గానీ పంచిపెట్టమని ఇవ్వలేదు.

క్రోమియం అనే బ్రౌజర్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, దాని మీదే ఎలక్ట్రాన్ నిలబడింది. క్రోమ్ అంటే క్రోమియంతో పాటు గూగుల్ సొంత సరుకు. 2010లో గూగుల్ కొనుక్కున్న వైడ్‌వైన్ ఆ సొంత సరుకులోదే, మీ యాప్‌తో కలిపి పంచాలంటే గూగుల్‌తో ఒప్పందం ఉండాలి. పైగా ఒప్పందం గొడవ పక్కన పెట్టినా, సరైన డిజిటల్ సంతకం (యాప్ అసలైనదేనని చూపే ముద్ర) లేని యాప్‌కి చాలా సర్వీసులు వీడియో తాళంచెవే ఇవ్వవు, కాబట్టి కాపీ కొట్టి కూడా లాభం లేదు.

వెబ్‌పేజీల్లో బొమ్మలు, ఆటలు ఆడించిన అడోబీ ప్లగిన్ ఫ్లాష్‌దీ ఇదే కథ. క్రోమ్‌లో ఉండేది, క్రోమియంలో ఉండేది కాదు. జనం పెప్‌ఫ్లాష్‌ప్లేయర్ డీఎల్ఎల్ అనే ఆ ఫ్లాష్ ఫైల్‌ని ఎత్తుకొచ్చి తమ యాప్‌లలో పెట్టేవాళ్లు. 2020 డిసెంబర్ 31తో అడోబీ చలివేంద్రమే ఎత్తేసింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ బొమ్మలు ఆడకుండా ఆపేసింది కూడా. అంతే, క్యాన్లలో దాచుకున్న మజ్జిగంతా విరిగిపోయింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క. హెచ్ 264 అని, వీడియోని చిన్న సైజుకి కుదించే పద్ధతి ఒకటుంది, దానికి పేటెంట్ రాయల్టీ ఉంది. 2013లో సిస్కో కంపెనీ ముందుకొచ్చి, "ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ హెచ్ 264 అని మేమే తయారుచేసి పెడతాం, రాయల్టీ మేమే కట్టుకుంటాం" అంది. ఒక్క షరతు: తయారైన ఫైల్ వాడేవాళ్ల కంప్యూటర్‌లోకి నేరుగా సిస్కో దగ్గర్నుంచే దిగాలి. అదే ఫైల్, ఒక్క బైటు తేడా లేకుండా, మీరు మీ ఇన్‌స్టాలర్‌లో పెట్టి ఇస్తే సిస్కో కట్టిన డబ్బు మీకు వర్తించదు! అంటే పాల డబ్బులు ఆయన కట్టేశాడు, కానీ ఆయన కుండ దగ్గరే తాగాలి. సోర్స్ కోడ్ కూడా ఇచ్చాడు కదా అంటారా, అది మజ్జిగ చేసే పద్ధతి చెప్పడం లాంటిది, చేసుకోండి, పాల డబ్బులు మీవి. ఫైర్‌ఫాక్స్ ఇందుకే దాన్ని తనలో కలుపుకోకుండా విడిగా సిస్కో నుంచి దించుకుంటుంది. నన్నడిగితే లైసెన్సులు రాసేవాళ్లలో ఇంత తెలివైన షరతు పెట్టినవాళ్లు తక్కువ.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఎలక్ట్రాన్ లాంటిదే ఇంకో సాధనం ఎన్‌డబ్ల్యూ జేఎస్ వాడేవాళ్లకి హెచ్ 264 మామూలుగా రాదు, కారణం ఇదే. మీరే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో లైబ్రరీని బిల్డ్ చేసి కలుపుకుంటే రాయల్టీ లెక్క మీ నెత్తినే. ఆ లైబ్రరీకున్న ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ సంగతి వేరే, లైబ్రరీ విడి ఫైల్‌గా ఉంచండి, లైసెన్స్ కాగితం జతచేయండి, మిగతాది ఇంకో వీడియోలో.

తమ్ముడి చేత ఆ ఫోల్డర్ తీసేయించి, క్యాస్ట్‌ల్యాబ్స్ అనే కంపెనీ వాళ్లు వైడ్‌వైన్ కోసం మార్చిన ఎలక్ట్రాన్ పెట్టించాను. అది మొదటిసారి తెరిచినప్పుడు వైడ్‌వైన్‌ని తనే దించుకుంటుంది. సంతకం పని ఇంకా మిగిలుంది, ఆదివారం మళ్లీ వస్తానన్నాడు.