వేలికి సిరా అంటని ఓటు

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు మాట్లాడేవాడికి ఎంత ఓపిక దక్కుతుందో నాకు తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను: ఇక్కడి కౌన్సిల్ ఎన్నికల్లో, అంటే మన మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థల ఎన్నికల్లో, మన ఓటు.

ఈ బ్రిటన్‌లో మొదటిసారి ఓటు వేసిన రోజు నేనొక పొరపాటు చేశాను. మా వీధి చివర ప్రాథమిక పాఠశాలలో పోలింగ్. బల్ల వెనక కూర్చున్న పెద్దావిడ జాబితాలో నా పేరు కొట్టేసి, కాగితం చేతికిచ్చారు. నేను అలవాటుగా ఎడమ చేతి చూపుడువేలు చాపాను. ఆవిడ ఆ వేలిని కాసేపు పరీక్షగా చూసి, పాపం, దెబ్బ తగిలిందా అని అడిగారు! సిరా లేదు, యంత్రం లేదు. చెక్క అరలో దారానికి వేలాడే పెన్సిల్ ముక్క, అంతే. దానితో నచ్చిన అభ్యర్థి పేరు ఎదుట ఇంటూ గుర్తు పెట్టాలి. బడిలో ఇంటూ అంటే తప్పని నేర్చుకున్నవాళ్లం కదా, చేయి ఒక పట్టాన రాలేదు.

అప్పుడు నాది భారత పాస్‌పోర్టే. చాలామందికి తెలియని సంగతి ఇది. భారత్ లాంటి కామన్వెల్త్ దేశాల (ఎక్కువగా ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్నవాటి కూటమి) పౌరులు వీసా మీద ఇక్కడ ఉంటున్నా ఓటు నమోదు చేసుకోవచ్చు. విద్యార్థులు కూడా. 2023 మే నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపాలి. అందుకు మన పాస్‌పోర్టు చాలు. పోటీ చేయాలంటే మాత్రం శాశ్వత నివాస అనుమతి ఉండాలి.

ఇంతకీ మీది ఏ కౌన్సిల్? చిరునామాలో మన ఊరు రెడింగ్ పేరు ఉన్నంత మాత్రాన మీది రెడింగ్ కౌన్సిల్ కాదు. ఎర్లీ, వుడ్లీలో ఉండేవారు పక్కనున్న వోకింగమ్ బరో (పట్టణ పాలనా ప్రాంతం) కిందికి వస్తారు. 1998లో మన జిల్లా లాంటి బెర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌ను రద్దు చేసి, దాని పనులను ఆరు కౌన్సిళ్లకు పంచారు. అప్పటినుంచి రెడింగ్‌లో చెత్తబుట్ట, బడి సీటు, వృద్ధుల సంరక్షణ, ఇంటి వెనక గది కట్టుకోవడానికి అనుమతి, అన్నీ బరో కౌన్సిల్ చేతిలోనివే. సిటీ బస్సుల సంస్థ కూడా కౌన్సిల్ సొంతమే. ఇంగ్లండ్‌లో ఇలాంటివి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

రెడింగ్ కౌన్సిల్‌లో 16 వార్డులు, 48 మంది సభ్యులు. వార్డుకు ముగ్గురు, ఏడాదికొకరి చొప్పున మూడేళ్లు ఎన్నిక, నాలుగో ఏడు విరామం. మెడలో గొలుసుతో కనిపించే మేయర్‌కు రోడ్డు గుంతల గురించి అర్జీ పెట్టకండి. అది ఏడాదికొకరికి దక్కే గౌరవ పదవి. అర్జీ వార్డు సభ్యుడికే ఇవ్వాలి.

ఇంటిని బట్టి కౌన్సిల్ వసూలు చేసే పన్ను సంగతి మరీ విడ్డూరం. 1991 ఏప్రిల్ 1న ఇల్లు ఎంత పలికేదన్న అంచనాతో దాని పన్ను తరగతి తేలుతుంది. నిరుడు కట్టిన ఫ్లాటుకైనా సరే, ఆనాడే ఉండి ఉంటే ఎంత పలికేదని ఊహిస్తారు! ఆ డబ్బు ఎలా ఖర్చవుతోందో అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో పక్కనున్న స్లౌ చూపించింది. 2021 జూలైలో లెక్కలు కుదరక అక్కడి అధికారి కొత్త ఖర్చులు ఆపుతూ నోటీసు ఇచ్చారు. ప్రభుత్వం కమిషనర్లను పంపింది. 2023లో పన్ను 9.99 శాతం పెరిగింది. ఆ మే నెలలోనే ఓటర్లు అక్కడ పాలిస్తున్న లేబర్ పార్టీని గద్దె దించారు.

ఒక్క ఓటుతో ఏమవుతుందని మా బావమరిది అంటుంటాడు. 2017లో నార్తంబర్లాండ్ కౌంటీలోని సౌత్ బ్లైత్ వార్డులో ఇద్దరికి సమానంగా ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే. చివరికి చీటీలు తీసినట్టు పుల్లలు తీయించారు. పుల్ల కలిసిరాక కన్సర్వేటివ్ పార్టీవాళ్లు ఆ సీటు పోగొట్టుకున్నారు. దానితో కౌన్సిల్‌లో వారికి మెజారిటీకి ఒక్క సీటు తక్కువైంది.

నమోదుకు గడువు పోలింగ్‌కు 12 పనిదినాల ముందు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (ఉద్యోగం చేసేవారికి ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) దగ్గర ఉంటే ఫోనులోనే ఐదు నిమిషాల పని. వార్డుల పటం ఆ గుమ్మం పక్క బల్ల మీద పరిచాను. మీ వీధి వెతుక్కోండి, కానీ సాంబారు గిన్నెలు దాని మీద పెట్టకండి.