కత్తికి తుప్పు పట్టేది ఒరలోనే

శ్రోతలకు నమస్కారం.

స్టీలు సామాన్ల కొట్లో గిన్నెకు అయస్కాంతం పెట్టి చూడటం మనలో చాలామందికి అలవాటు. అంటుకోకపోతే అసలు సరుకు, అంటుకుంటే మోసం. గిన్నెల వరకు ఆ లెక్క కొంత నడుస్తుంది గానీ కత్తి దగ్గరికొచ్చేసరికి తలకిందులవుతుంది. మంచి గిన్నెల స్టీలులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. అది ఓ పట్టాన తుప్పు పట్టదు. కానీ దాన్ని కాల్చి నూనెలో ముంచినా గట్టిపడదు, పదును నిలవదు. పదును నిలవాలంటే కార్బన్ కావాలి. అలా కార్బన్ వేసి గట్టిపరచిన ఉక్కు అయస్కాంతానికి అంటుకుంటుంది. పొలానికీ, చేపల వేటకీ, అడవిబాటకీ తీసుకెళ్లే స్టెయిన్‌లెస్ చాకులు దాదాపు అన్నీ అంటుకునేవే. అందుకని వాటిని నకిలీ అనుకోనక్కర్లేదు.

తుప్పును ఆపేది క్రోమియం. ఉక్కులో ఉన్న క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. గీత పడినా, గాలి తగిలితే చాలు, తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరగకుండా చూడబోయి తయారుచేసిన ఉక్కులో క్రోమియం 12.8 శాతం, కార్బన్ 0.24 శాతం. అయితే ఇక్కడో మెలిక ఉంది. కార్బన్ పెరిగే కొద్దీ అది క్రోమియాన్ని పట్టుకుని గట్టి రేణువులుగా మార్చేస్తుంది. ఆ రేణువుల్లో చిక్కుకున్న క్రోమియం పొర కట్టడానికి పనికిరాదు. డీ2 అనే ఉక్కులో క్రోమియం 12 శాతం ఉన్నా, కార్బన్ ఒకటిన్నర శాతం కావడంతో తడి తగిలితే మచ్చలు వస్తాయి. కాబట్టి డబ్బా మీద క్రోమియం అంకె ఒక్కటే చూస్తే లాభం లేదు, పక్కనున్న కార్బన్ అంకె కూడా చూడాలి.

బయట వాడకంలో ఏ రకం ఉక్కు ఎలా ఉంటుందంటే: 420హెచ్‌సీలో కార్బన్ అర శాతం లోపు, క్రోమియం 13 శాతం. వానకు, చెమటకు బాగానే తట్టుకుంటుంది, పదును మాత్రం తొందరగా పోతుంది. పోతే పోయింది, ఆకురాయి మీద అయిదు నిమిషాల్లో తిరిగొస్తుంది. 14సీ28ఎన్‌లో కార్బన్ 0.62, క్రోమియం 14, వీటికి తోడు కాస్త నైట్రోజన్. తోటపనికీ, ప్రయాణానికీ మా ఓటు దీనికే. 440సీలో కార్బన్ ఒక శాతం దగ్గర ఉంటుంది. పదును ఎక్కువసేపు నిలుస్తుంది గానీ ఉప్పునీటి దగ్గర కొంచెం జాగ్రత్త. ఇక రోజూ సముద్రంలో తడిసే కత్తికి కార్బన్ బాగా తగ్గించి, ఆ లోటును నైట్రోజన్‌తో పూడ్చిన ఎల్‌సీ200ఎన్ లాంటి ఉక్కు వేరే ఉంది. ఖరీదు ఎక్కువే.

ఇప్పుడు అసలు సంగతి. వానలో తడిసినందువల్ల స్టెయిన్‌లెస్ కత్తి పాడవడం తక్కువ. తుడవకుండా ఒరలో దోపినందువల్లే ఎక్కువ పాడవుతుంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు మూడున్నర శాతం. కత్తి మీద మిగిలిన చుక్క ఆరుతున్న కొద్దీ ఆ ఉప్పు చిక్కబడుతుంది. అందులోని క్లోరైడ్ పొరలో బలహీనమైన చోట సూదిమొనంత చిల్లు పెడుతుంది. ఆ చిల్లులోకి ఆక్సిజన్ అందదు, పొర మళ్లీ కట్టుకోలేదు. పైగా లోపలి ద్రవం ఆమ్లంగా మారి చిల్లును ఇంకా లోతుకు తొలుస్తుంది. పైకి కనిపించేది ఆవగింజలో సగం ఉండే గోధుమరంగు మచ్చ. గుడ్డతో తుడిస్తే రంగు పోయి నల్లచుక్క మిగులుతుంది. దాని మీద సూది నడిపిస్తే మొన తట్టుకుని ఆగుతుంది. రోజంతా జేబులో ఉన్న మడత చాకుకు చెమటే సముద్రం.

సముద్రం దగ్గర్నుంచో, చేపలు కోశాకో రాగానే కత్తిని రెండు చెంబుల మంచినీళ్లతో కడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో కడిగి ఆరబెట్టడం చాలదు, పొడిగుడ్డతో తుడవాలి. మడత చాకైతే కీలులోకి నీళ్లు పోసి, విదిలించి, తెరిచి ఉంచి నీడన ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక కీలుకు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె. తినేవాటిని కోసే అంచుకు ఆ నూనె వద్దు. వేరుశనగ నూనె రాస్తే కొన్నాళ్లకు జిగురు కడుతుంది. తోలు ఒర తడిని పీల్చి దాచుకుంటుంది, కాబట్టి ఇంట్లో కత్తినీ ఒరనూ విడివిడిగా పెట్టండి. ప్లాస్టిక్ ఒరకు కొస దగ్గర అయిదు మిల్లీమీటర్ల కన్నం వేయిస్తే లోపల నీరు నిలవదు.

మచ్చ పడితే మూడు వంతుల వంటసోడాకు ఒక వంతు నీళ్లు కలిపి ముద్దలా పట్టించి, పది నిమిషాలాగి, బెండు బిరడాతో కత్తి మీది సన్నని గీతల వాలునే రుద్దండి. ఇత్తడికి తోమినట్టు చింతపండు, ఉప్పు వేసి తోమొద్దు. మచ్చ తెచ్చిపెట్టిందే ఆ ఉప్పు. ఇనుప పీచు కూడా వద్దు: దాని తునకలు కత్తికి అంటుకుని, అవి తుప్పు పట్టి, కత్తే పట్టిందేమోనని మనల్ని కంగారు పెడతాయి. బ్లీచింగ్ నీళ్లయితే చెప్పక్కర్లేదు, అందులోనూ క్లోరైడ్ ఉంటుంది.

సాన పట్టించేటప్పుడు కూడా ఒక కన్నేసి ఉంచండి. నీళ్లు లేకుండా తిరిగే చక్రం మీద అంచు నీలంగా మారిందంటే అక్కడ వేడి మించిందన్నమాట. 450 నుంచి 600 డిగ్రీల మధ్య క్రోమియం మళ్లీ కార్బన్‌తో కలిసి రేణువులుగా విడిపోతుంది. గట్టిదనంతో పాటు తుప్పును ఆపే గుణం కూడా అక్కడ పోతుంది. ఆ నీలం భాగం మొత్తం అరగదీస్తే తప్ప అంచు బాగుపడదు.

కొబ్బరి బొండాలు కొట్టే కత్తికి మాత్రం ఈ గొడవంతా అక్కర్లేదు. లారీ కమాన్ పట్టీతో కమ్మరి చేసిన కత్తి తుప్పు పట్టినా దెబ్బకు విరగదు, పైగా రోజూ నూరతారు గనుక అంచున తుప్పు నిలవదు. చూడాల్సింది పిడి దగ్గర. రివెట్టు చుట్టూ గోధుమరంగు గీత కనిపిస్తే తడి పిడి కిందికి దిగినట్టే. అక్కడికి గుడ్డ వెళ్లదు గనుక బాగా ఎండబెట్టి, సందులోకి పల్చని మిషన్ నూనె రెండు చుక్కలు దించి, పిడి పైకి ఉండేలా ఒక రాత్రి నిలబెట్టి, పొద్దున్న తుడిచేయండి.