జనరేటరు పెట్టాలంటే మధ్యలో ఏముండాలి? శ్రోతల ప్రశ్నలు, ఇంజినీరు సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. వాయుగుండం అన్న మాట వినబడగానే కొవ్వొత్తులతో పాటు జనరేటరుకు పెట్రోలు కూడా తెచ్చిపెట్టుకునే ఇళ్లు మన కోస్తాలో ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ జనరేటరును ఇంటి వైరింగుకు ఎలా కలపాలో చెప్పడానికి విద్యుత్ పంపిణీ విభాగంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజినీరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను సోంపేట వైపు నుంచి. చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారం సార్. మాది ఉద్దానం, కొబ్బరి తోట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు చెట్లూ స్తంభాలూ కలిసి కూలిపోయి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. ఆ తర్వాతే 2.5 కేవీఏ పెట్రోలు జనరేటరు కొన్నాను. మా బావమరిది ఒక వైరుకు రెండు కొసలా ప్లగ్గులు బిగించి ఇచ్చాడు. ఒకటి జనరేటరుకు, రెండోది వరండాలోని 16 ఆంపియర్ల సాకెట్టుకు పెడితే ఇల్లంతా వెలుగుతుంది. మెయిన్ ఆపేశాకే పెడతాం. ఇందులో తప్పేమైనా ఉందా సార్?

ఇంజినీరు: ఉందండి, చాలా పెద్ద తప్పే ఉంది. ముందు ఆ వైరు సంగతే చూడండి. జనరేటరు నడుస్తుండగా ఎవరి కాలో తగిలి వరండాలోని ప్లగ్గు ఊడివచ్చిందనుకోండి, బయట కనిపిస్తున్న ఆ ఇత్తడి పిన్నుల మీద 230 వోల్టులు ఉంటాయి. తడి నేల మీద పిల్లవాడు దాన్ని తీసి పక్కన పెడదామనుకుంటే చాలు.

ఇక మెయిన్ ఆపేస్తామన్నారు. ఆపేది మీరే అయితే ఆపుతారు. మీరు ఊళ్లో లేని రాత్రి, వానలో, టార్చిలైటు పట్టుకుని జనరేటరు వేసేది ఇంట్లో వేరొకరైతే? ఒక్కసారి మరిచిపోతే మీ జనరేటరు కరెంటు మీటరు మీదుగా సర్వీసు వైరులోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మరుకు ఎదురెక్కుతుంది. 11,000 వోల్టులను మన ఇంటికి తగినట్టు దించే ఆ ట్రాన్స్‌ఫార్మరే, కింది నుంచి 230 వోల్టులు అందితే పై తీగల మీదికి 11,000 వోల్టులు ఎక్కించగలదు. దానికి ఎటు ఎక్కించాలో, ఎటు దించాలో తెలియదు.

మొదటి శ్రోత: సార్, నా చిన్న జనరేటరు ఊరంతటి లోడు మోయలేదు కదా, దానంతటదే ఆగిపోతుంది అంటారు.

ఇంజినీరు: చాలామంది అనే మాటే అది, కొంతవరకు నిజం కూడా. ఊళ్లోని ఇళ్లన్నీ తగులుకుని ఉంటే మీ జనరేటరు క్షణాల్లో చతికిలపడుతుంది. కానీ తుఫాను తర్వాత తీగలు ఎక్కడికక్కడ తెగి ఉంటాయి. మీ స్తంభానికి అవతల తీగ తెగిపోతే ఇక మోయవలసిన లోడే ఉండదు కాబట్టి జనరేటరు హాయిగా నడుస్తూనే ఉంటుంది, ఆ తెగిన కొస దగ్గరే లైన్‌మ్యాన్ పని చేస్తూ ఉంటాడు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత నేను ఇది కళ్లారా చూశాను. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపామన్న అనుమతి తీసుకున్నాం, లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచాం, ఇక స్తంభం ఎక్కడమే తరువాయి. అలవాటు కొద్దీ మా హెల్పరు, తీగలో మిగిలిన కరెంటును భూమిలోకి దించే డిశ్చార్జి రాడ్డును తీగకు తగిలించగానే చిటుక్కున నిప్పురవ్వ లేచింది. రెండు వీధుల అవతల ఒక ఇంట్లో జనరేటరు చప్పుడు వినబడితే వెళ్లి చూశాం. మీది లాంటి వైరే. ఆ ఇంటాయన చెడ్డవాడేమీ కాదు, మా అందరికీ మంచినీళ్లు ఇచ్చినవాడే.

జనరేటరు ఉన్న వినియోగదారు దాన్ని సరఫరా లైనుకు పూర్తిగా విడిగా ఉంచాలన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఉన్న బాధ్యతే. దానికి సాధనం చేంజ్ఓవర్ స్విచ్. పిడి ఒక వైపు తిప్పితే లైను, మరో వైపు తిప్పితే జనరేటరు, నడుమ సున్నా. ఒకదాన్ని వదిలితే గానీ రెండోదాన్ని అందుకోలేని విధంగా దాని లోపలి నిర్మాణమే ఉంటుంది కాబట్టి మన జ్ఞాపకశక్తితో దానికి పని లేదు. సింగిల్ ఫేజు ఇంటికి ఫేజు వైరునూ, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరునూ రెండింటినీ మార్చే రెండు పోళ్లది, త్రీఫేజుకు నాలుగు పోళ్లది అడిగి తీసుకోండి. బిగించేది మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే కావాలి.

వ్యాఖ్యాత: మీరు లైన్లోనే ఉండండి. కాకినాడ నుంచి ఒక గృహిణి మాట్లాడుతున్నారు. చెప్పండమ్మా.

రెండో శ్రోత: నమస్కారమండి. మా ఇంట్లో చేంజ్ఓవర్ ఉంది. కానీ అది పెట్టించిన నాటి నుంచి జనరేటరు నడవకపోయినా సరే, మామూలు కరెంటు మీద ఫ్రిజ్జూ గీజరూ వేయగానే, కరెంటు లీకైతే సరఫరా తెంచేస్తుందే ఆ ఆర్‌సీసీబీ స్విచ్ పడిపోయేది. ఎలక్ట్రీషియన్ వచ్చి, ఆర్‌సీసీబీ పాడైందని దాన్నే తీసేసి వైర్లు నేరుగా కలిపేశాడు. ఇప్పుడు పడిపోవడం లేదు. ఇలా ఉండవచ్చాండీ?

ఇంజినీరు: ఉండకూడదమ్మా. పాపం, ఆ ఆర్‌సీసీబీ నిజమే చెబుతోంది. ఆ చేంజ్ఓవర్ కిందికి రెండు వైర్లు దిగుతున్నాయా, ఒక్క ఫేజు వైరేనా అన్నది చూశారా?

రెండో శ్రోత: ఒక్కటేనండి. నల్ల వైర్లన్నీ ఒకచోట కలిపి టేపు చుట్టాడు.

ఇంజినీరు: అదే జరిగింది. ఫేజు మాత్రమే మారుతోంది, న్యూట్రల్ రెండింటికీ ఉమ్మడిగా ఉండిపోయింది. మీ జనరేటరు న్యూట్రల్‌ను దాని దగ్గర ఎర్తుకు కలిపి ఉంటారు, అది సరైన పనే. కానీ ఆ న్యూట్రల్ ఎప్పుడూ ఇంటి న్యూట్రల్‌తో కలిసే ఉండడం వల్ల, లైను కరెంటు తిరిగి వెళ్లేటప్పుడు కొంత ఆర్‌సీసీబీ గుండా కాకుండా జనరేటరు ఎర్తు గుండా పోతోంది. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే పడిపోవడమే దాని ఉద్యోగం. న్యూట్రల్‌ను కూడా మార్చే రెండు పోళ్ల చేంజ్ఓవర్ పెట్టించండి, ఆర్‌సీసీబీని చేంజ్ఓవర్‌కు ఇంటి వైపున తిరిగి బిగించమనండి. అప్పుడు ఏ కరెంటు మీద ఉన్నా మీకు రక్షణ ఉంటుంది. అంతవరకు గీజరు ముట్టుకోకండి.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి మరొకరు.

మూడో శ్రోత: సార్, వానకు తడవకుండా జనరేటరును మెట్ల కింద పెట్టాం, తలుపు తీసే ఉంచుతాం. మంచినీళ్ల మోటారు కూడా దాని మీద వేయవచ్చా?

ఇంజినీరు: మెట్ల కింద వద్దు. తలుపు తీసినా సరే వద్దు. పెట్రోలు పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. కిటికీలకు ఇరవై అడుగుల ఎడంగా, మీద రేకు వేసి నాలుగు వైపులా గాలి ఆడేటట్టు పెట్టండి. నడుస్తున్నప్పుడూ వేడిగా ఉన్నప్పుడూ పెట్రోలు పోయకండి. మోటారు విషయానికి వస్తే, మీది ఎంత సామర్థ్యం?

మూడో శ్రోత: 2.5 కేవీఏ. మోటారు ఒక హార్స్‌పవరు.

ఇంజినీరు: 2.5 కేవీఏ అంటే దాదాపు 2,000 వాట్లు. ఒక హార్స్‌పవరు మోటారు నడిచేటప్పుడు వెయ్యి వాట్ల దాకా లాగినా, మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్ల కరెంటు అడుగుతుంది. వోల్టేజీ కుంగిపోయి, మోటారు తిరగకుండా మూలుగుతూ కాలిపోయే ప్రమాదం ఉంది. ఫ్యాన్లు, దీపాలు, ఒక ఫ్రిజ్జు చాలు. నీళ్లు ముందే పట్టి ఉంచుకోండి.

వ్యాఖ్యాత: ఉద్దానం శ్రోత అడుగుతున్నారు, స్విచ్ బిగించేదాకా ఆ వైరును ఏం చేయాలని.

ఇంజినీరు: జనరేటరు ఆపి, రెండు వైపులా ఊడదీసి, ఒక కొస ప్లగ్గు కత్తిరించెయ్యండి. అది ఎర్తుతో సహా మూడు కోర్ల వైరే అయితే, ఆ కొసకు సాకెట్లున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు బిగించి, ఫ్యానూ ఫ్రిజ్జూ నేరుగా దానికే పెట్టుకోండి. రెండు కోర్లదే అయితే కొత్తది కొనండి. ఇంటి సాకెట్టు జోలికి మాత్రం పోవద్దు. కత్తిరించిన ఆ ప్లగ్గు కూడా ఇంట్లో ఉంచకండి, మీ బావమరిది మళ్లీ బిగిస్తాడు.