పొద్దున్నకి గాయం మానకూడదు మాస్టారూ!

(ఆదివారం ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. అంశం: బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కథ నడుపుతూ ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలు.)

యాంకర్: మొదటి కాల్ రాయగడ నుంచి. చెప్పండి బాబూ. టీవీ సౌండ్ కాస్త తగ్గిస్తారా?

కాలర్: టీవీ కాదు మేడమ్, మిక్సీ. అమ్మా, రెండు నిమిషాలు ఆపవే! ఆఁ, నమస్కారం మాస్టారూ. మేం ఐదుగురం. ఆదివారం సాయంత్రాలు మా డాబా మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. కథ చెప్పి ఆట నడిపించే గేమ్ మాస్టర్ని నేనే. కథ బొబ్బిలి యుద్ధం రోజుల్లో పెట్టాను. కొండల్లో చిన్న కోట, కింద ఫ్రెంచి ఫిరంగులు.

సలహాదారు: 1757. బుస్సీ దొర కాలం. బాగుంది, మరి ఇబ్బంది ఏమిటి?

కాలర్: దెబ్బ తగిలినా తగిలినట్టు ఉండట్లేదండీ. పోయిన వారం మా బావ పాత్రకి మూడు బల్లేలు దిగాయి. రాత్రి పడుకున్నాడు, పొద్దున్నే లేచి పళ్లు తోముకుంటున్నాడు. మా చెల్లి పకపకా నవ్వింది. సీరియస్ సీను మొత్తం పోయింది.

సలహాదారు: అది ఆట తప్పు కాదు బాబూ. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూలే అది. పూర్తి విశ్రాంతి తీసుకుంటే హిట్ పాయింట్లన్నీ, అంటే పాత్రకి దెబ్బలు తట్టుకునే శక్తి మొత్తం, తిరిగొస్తాయి. పైగా పాత్ర అనుభవంతో ఎక్కే మెట్టు, అంటే లెవెల్, పెరిగేకొద్దీ అవీ పెరుగుతాయి. బుర్రకథలో వీరుడు ఎన్ని దెబ్బలు తిన్నా పాట అయ్యేదాకా పడిపోడు చూడండి, అలాంటి ఆట. మీరు అడుగుతున్నది వేరే. పోరు అయ్యాక కోటలో ఎవరు నడవగలరు, ఎవరు మంచం మీద ఉన్నారు అని లెక్క చూసుకునే ఆట.

కాలర్: అదే అదే. కానీ మంత్రాలు కూడా గట్టిగా ఉండాలండీ. మా చెల్లి మంత్రగత్తె.

యాంకర్: ఆటలోనే కదండీ!

కాలర్: ఇంట్లో కూడా ఇంచుమించు అంతే మేడమ్.

సలహాదారు: (నవ్వుతూ) మీ దగ్గర పాచికలు ఏమున్నాయి?

కాలర్: ఏడు పాచికల సెట్ ఒకటి. చేతులు మారుతూ ఉంటుంది.

సలహాదారు: అందులో పది ముఖాలవి రెండు ఉంటాయి. ఒకదాని మీద 00, 10, 20 అని సున్నాలతో ఉంటుంది.

కాలర్: అదా! దాన్ని మేం ఒక్కసారి కూడా వేయలేదండీ.

సలహాదారు: ఇక రోజూ వేస్తారు. మీరు రూన్‌క్వెస్ట్ చూడండి. 1978 నాటి ఆట, ఇప్పుడున్న ఎడిషన్ 2018ది. మొదట పుస్తకం కొనక్కర్లేదు. క్విక్‌స్టార్ట్ అని చిన్న పుస్తకం ప్రచురణకర్తలే ఉచితంగా ఇస్తారు, ఒక కథ కూడా ఉంటుంది అందులో. జెరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుంటే ఒక ఆదివారం గడిచిపోతుంది.

కాలర్: దెబ్బల సంగతి ఎలా ఉంటుందండీ?

సలహాదారు: చెప్తాను, మీ బావనే తీసుకుందాం. అతనికి కత్తిలో 60 శాతం నేర్పు ఉందనుకోండి. ఆ పది ముఖాలవి రెండూ వేసి, ఒకదాన్ని పదులుగా, ఇంకోదాన్ని ఒకట్లుగా చదివితే 60గానీ అంతకు తక్కువగానీ వస్తే దెబ్బ సూటిగా వెళ్లినట్టు. అవతలివాడు డాలు అడ్డం పెట్టడానికి తన వంతు వేస్తాడు. అడ్డం పెట్టలేకపోతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు, దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియడానికి. 14 వచ్చింది, కుడిచేయి. మామూలు మనిషికి చేతిలో ఉండేవి 3 హిట్ పాయింట్లు. కత్తి దెబ్బ 6 అనుకోండి, తోలు కవచం ఒకటి ఆపింది, 5 దిగింది. అంతే, చేయి వేలాడిపోతుంది, పట్టుకున్న కత్తి కింద పడుతుంది.

కాలర్: ...ఒక్క దెబ్బకే?

సలహాదారు: ఒక్క దెబ్బకే. ఇదే రేపు మీ బావకి జరగొచ్చు. అందుకే మొదటి రెండు వారాలు మీవాళ్లు మీ మీద అలుగుతారు, ముందే చెబుతున్నా. నలుగురు బంటులు ఎదురైతే చాలు, లెవెల్ పదో పదిహేనో అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. అసలు లెవెల్సే లేవు.

యాంకర్: మరి అందరూ మొదటి వారమే చనిపోతే ఆట ఏముంటుందండీ?

సలహాదారు: మంచి ప్రశ్న. ఇందులో లొంగిపోవడం అనే మాటకి విలువ ఉంది. పాత్ర రాసుకునేటప్పుడే అతని విడుదల సొమ్ము ఎంతో కాగితం మీద ఉంటుంది. చేయి పోయినవాడు ఆయుధం పడేసి ‘మావాళ్లు డబ్బు కడతారు’ అంటాడు. ఆ డబ్బు ఎవరు తేవాలి, ఎక్కడినుంచి తేవాలి? జమీందార్ల కథకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. మీరు కూడా గేమ్ మాస్టర్‌గా శత్రువుల చేత ఇదే చేయించండి. ఇద్దరు పడగానే మిగతావాళ్లు పారిపోవాలి. చివరి మనిషి దాకా కొట్టుకునేది సినిమాల్లోనే.

కాలర్: మరి మంత్రాలు?

సలహాదారు: ఈ ఆటలో మంత్రం మీ చెల్లి ఒక్కదానికే కాదు, దాదాపు అందరికీ ఎంతో కొంత వస్తుంది. అందరికీ మంత్రాలకి ఖర్చుపెట్టే మ్యాజిక్ పాయింట్లు ఉంటాయి. కత్తికి పదును పెట్టే మంత్రం ఉంది, బ్లేడ్‌షార్ప్ అని. ఒక్కో పాయింటు ఖర్చుకి గురి 5 శాతం పెరుగుతుంది, దెబ్బ ఒకటి పెరుగుతుంది. గాయం మాన్పే మంత్రానికీ అదే సంచిలోంచి ఖర్చు. ఇప్పుడు చూడండి, మీ బావ చేయి వేలాడుతోంది, మీ చెల్లి దగ్గర మిగిలినవి 4 పాయింట్లు. చేయి అతికించాలా, తన కత్తికి పెట్టుకోవాలా? వాళ్లిద్దరూ అక్కడే పోట్లాడుకుంటారు. ఖర్చయిన పాయింట్లు నిండటానికి ఒక రోజు పడుతుంది. ఇవి కాక దేవతల దగ్గర తెచ్చుకునే పెద్ద మంత్రాలు వేరే, వాటికి గుడికి వెళ్లి పూజ చేసుకోవాలి.

కాలర్: మజ్జిగౌరి అమ్మవారి గుడిలాంటిది పెట్టుకోవచ్చన్నమాట.

సలహాదారు: పెట్టుకోండి, గౌరవంగా పెట్టుకోండి. ఒక్కటి మాత్రం వద్దు. చిల్లంగి, చేతబడి అని కొండ ఊళ్లవాళ్లని శత్రువులుగా పెట్టకండి. మన చుట్టుపక్కల ఆ అనుమానంతోనే మనుషుల్ని కొట్టిన సంగతులు ఉన్నాయి. ఆటలో నవ్వుకునే విషయం కాదు. మాయలు చేసే శత్రువు కావాలంటే కోటలోపలి దివాను గారిని పెట్టండి, ఎవరూ కాదనరు.

కాలర్: అలాగే మాస్టారూ. మిత్రాస్ అని ఇంకోటి విన్నాను...

సలహాదారు: దీనికి దగ్గరి చుట్టమే, 2016ది. ఒంట్లో భాగాల వారీగా దెబ్బలు అందులోనూ ఉంటాయి. దెబ్బ బాగా పడితే ఆయుధం ఊడగొట్టడం, పడదోయడం లాంటివి ఎంచుకోవచ్చు. మంత్రాల్లో ఐదు రకాలు. మాంత్రికులు ఒకే రకం కాకుండా రకానికొకరుగా ఉండాలనుకుంటే అదే మేలు. కానీ మొదట క్విక్‌స్టార్ట్ ఆడి చూడండి. మీ చెల్లికి విడిగా ఒక మాట చెప్పండి, ఆర్స్ మాజికా అని 1987 నాటి ఆట ఉంది. అందులో మంత్రాలు కట్టడానికి ఐదు లాటిన్ క్రియలు, పది నామాలు ఉంటాయి. ‘క్రియో’ అంటే సృష్టించడం, ‘ఇగ్నెమ్’ అంటే అగ్ని. రెండూ కలిపితే నిప్పు. విభక్తులు కలిపినట్టు మంత్రాలు కలుపుకోవచ్చు. పోరు కోసం అయితే దాన్ని తీసుకోమనను, మంత్రాల కోసం అయితే దానిముందు ఏదీ నిలవదు.

కాలర్: చెల్లి వింటోందండీ. మిక్సీ ఆపింది తనే.

యాంకర్: ధన్యవాదాలు బాబూ. తర్వాతి కాల్ పర్లాకిమిడి నుంచి. చెప్పమ్మా.

రెండో కాలర్: నమస్తే సార్. నా ప్రశ్న చిన్నది. డీ అండ్ డీ, అదే డంజన్స్ అండ్ డ్రాగన్స్, పుస్తకాలు మూడూ మొన్ననే కొన్నాం. ఇప్పుడు కొత్త ఆట అంటే ఇంట్లో గొడవైపోతుంది. ఉన్నదాన్నే కాస్త కటువుగా చేయలేమా?

సలహాదారు: మీవి 2014 పుస్తకాలేనా అమ్మా? అయితే చేయొచ్చు. డంజన్ మాస్టర్స్ గైడ్‌లో గ్రిట్టీ రియలిజం అని ఒక ఐచ్ఛిక రూలుంది. మామూలుగా గంటలో అయ్యే చిన్న విశ్రాంతికి 8 గంటలు, పెద్ద విశ్రాంతికి 7 రోజులు. రూలు మార్చేది ఆ ఒక్కచోటే, కానీ మాంత్రికుడి మంత్రాలు కూడా పెద్ద విశ్రాంతికే తిరిగొస్తాయి కాబట్టి ఫైర్‌బాల్ లాంటి నిప్పుబంతి మంత్రాలు ఇష్టం వచ్చినట్టు విసరడం కుదరదు. అదే పుస్తకంలో మానని గాయాల పట్టిక కూడా ఉంది. కన్ను పోవడం, కుంటడం అన్నీ ఉంటాయి. రెండూ ఒకేసారి పెట్టకండి, మొదట విశ్రాంతి రూలు పెట్టి ఒక నెల చూడండి.

రెండో కాలర్: ఏడు రోజులంటే ఆటలోనా సార్, బయటా?

సలహాదారు: ఆటలోనే అమ్మా.

రెండో కాలర్: అమ్మయ్య. మా తమ్ముడు పక్కనుంచి వారం రోజులు హోంవర్క్ వద్దంటున్నాడు.

యాంకర్: తమ్ముడికి ఫోన్ ఇవ్వకండి. తర్వాత గుణుపురం నుంచి లైన్‌లో ఉన్నారు, చెప్పండి... హలో? వినబడుతోందా అండీ?